లీఫ్ కలర్ చార్టు: రెండు పంటకాలాలు వాడి చూశాక

వరి చేనుకు ఈ వారం యూరియా వేయాలో వద్దో ఆకు రంగును బట్టి తేల్చుకోవడానికి పనికొచ్చే చిన్న ప్లాస్టిక్ పట్టికే లీఫ్ కలర్ చార్టు. నారు నాటిన రెండో వారం నుంచి పూత మొదలయ్యే వరకు, వరుసగా రెండు పంటకాలాల పాటు దాన్ని మా పొలంలో వాడాం. దాని మంచినీ, లోపాలనూ, అది చెప్పలేని సంగతులనూ వాడినంత మేరకు ఇక్కడ రాస్తున్నాను. నా నిర్ణయం ముందుగానే చెప్పేస్తాను. వారానికోసారి తప్పకుండా చేలోకి దిగే రైతుకు ఇంతకంటే అక్కరకు వచ్చే చిన్న సాధనం నాకు మరొకటి కనబడలేదు. గట్టు మీద నిలబడి చేనును చూసి వెనుదిరిగే రైతుకు మాత్రం ఇది గోడకు వేలాడే వస్తువుగానే మిగిలిపోతుంది. పట్టికను కొన్నంత మాత్రాన గింజ పెరగదు. ఎరువు వేయవలసిన రోజేదో, వేయకూడని రోజేదో అది విడదీసి చూపిస్తుంది, దాన్ని బట్టి నడుచుకునే ఓపిక మనకు ఉండాలి.

వస్తువు సంగతికి వస్తే, చార్టు మీద నాలుగు పట్టీలు పక్కపక్కనే ఉంటాయి. మొదటిది పసుపు కలిసిన లేత ఆకుపచ్చ, చివరిది చిక్కటి ముదురు ఆకుపచ్చ, మధ్యలో రెండు మెట్లు. ప్రతి పట్టీకి ఒక అంకె ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ పచ్చదనం ముదురుతుంది. పట్టీలు నున్నగా ఉండవు. వరి ఆకు మీద ఈనెలు ఉన్నట్టే వాటి మీద సన్నటి గాడులు ఉంటాయి, వేలితో రాస్తే తెలుస్తాయి. నున్నటి ప్లాస్టిక్ మీద వెలుతురు మెరిసి రంగు ఉన్నదానికంటే లేతగా కనబడుతుంది కాబట్టి, ఆకును పోలిన తలం మీదనే ఆకును పోల్చడం సబబు. ఈ చిన్న జాగ్రత్తను బట్టే దీన్ని తయారు చేసినవారు చేలో నిలబడి ఆలోచించారని నాకు అనిపించింది.

ఆకు రంగుతో పైరు ఆకలిని అంచనా కట్టే పట్టికలు మొదట జపాన్‌లో వచ్చాయి. ఫిలిప్పీన్స్‌లో 1960లో ఏర్పడిన అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, ఆ దేశపు వరి పరిశోధన సంస్థతో కలిసి, 1990ల్లో జపాన్ నమూనాను ఆధారంగా తీసుకుని ఆరు పట్టీల చార్టును రూపొందించింది. తరువాత దాన్నే నాలుగు పట్టీలకు కుదించి ప్రామాణికం చేశారు. అప్పటికే పత్రహరితాన్ని కొలిచే స్పాడ్ మీటరు అనే పరికరం ఉంది. ఆకును దాని దవడల మధ్య పెట్టి నొక్కితే అంకె కనబడుతుంది, నాటిన వరిలో ఆ అంకె 35 కంటే తగ్గితే నత్రజని అవసరమని లెక్క. పరికరం కచ్చితమైనదే గాని మామూలు రైతు కొనగలిగినది కాదు. ఆ మీటరు చేసే పనిలో ముఖ్యమైన భాగాన్ని కంటితోనే చేయించడానికి వచ్చినదే ఈ చార్టు.

కంటికి అంత విలువ ఎందుకంటే, ఆకులో ఉన్న నత్రజనిలో అధిక భాగం పచ్చదనానికి కారణమైన హరితరేణువుల్లోనే ఉంటుంది. నత్రజని తగ్గితే పచ్చదనం తగ్గుతుంది, ఎక్కువైతే ముదురుతుంది. ఇది ప్రతి రైతుకూ తెలిసిన విషయమే. తెలియనిది ఎంత ముదురైతే చాలు అన్నది. మన కన్ను రంగును దేని పక్కన చూస్తే దాన్ని బట్టి తూకం వేస్తుంది. పక్క చేను నల్లగా కనబడితే మన చేను పాలిపోయినట్టే తోస్తుంది, మబ్బు పట్టిన రోజున ఒకలా, ఎండ కాసిన రోజున ఇంకోలా కనబడుతుంది. పక్క చేలో యూరియా పడిందని తెలిసిన సాయంత్రమే మనమూ ఒక చల్లు చల్లి రావడం నేను ఎన్నోసార్లు చేసిన పనే. ఆ చల్లు పైరుకు అవసరమా అన్న ప్రశ్న అప్పట్లో నాకు రాలేదు.

యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. అయితే నీరు నిలిచిన మడిలో వేసిన నత్రజనిలో పైరు తీసుకునేది సాధారణంగా 30 నుంచి 40 శాతం మాత్రమే. మిగిలినదాంట్లో కొంత నేలలో ఉండిపోతుంది, కొంత నీటి మీద నుంచే అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది, కొంత మడి ఆరుతూ తడుస్తూ ఉండే క్రమంలో వాయువుగా మారిపోతుంది, ఇంకొంత నీటితో పాటు కిందికి దిగిపోతుంది లేదా గట్టు దాటి పోతుంది. పైరుకు ఆకలి లేని రోజుల్లో వేసినదాంట్లో ఈ నష్టం మరీ ఎక్కువ. పోయింది పోగా, అతిగా అందిన నత్రజని పైరులో చేసే చెరుపు వేరే ఉంది. ఆకులు మెత్తబడి వంగుతాయి, దుబ్బులు గుబురుగా కమ్ముకుని లోపలికి గాలి ఆడదు, అగ్గితెగులు, పాముపొడ తెగులు సులువుగా అంటుకుంటాయి, దుబ్బు మొదట్లో సుడిదోమ చేరుతుంది. కాడ బలహీనపడి గింజ పాలు పోసుకునే సమయంలో చేను పడిపోతుంది. అలా అని తగ్గించినా కుదరదు. పిలకల దశలో నత్రజని చాలకపోతే పిలకలు తగ్గుతాయి, కాడ లోపల కంకి రూపుదిద్దుకునే చిరుపొట్ట దశలో చాలకపోతే కంకిలో గింజల సంఖ్య తగ్గుతుంది. ఈ రెండు తప్పుల మధ్య ఉన్న సన్నటి దారిని చూపించడానికే చార్టు పనికివస్తుంది.

వాడే పద్ధతి ఇది. నారు నాటిన 14 రోజుల నుంచి, వెదజల్లిన చేనైతే విత్తిన 21 రోజుల నుంచి మొదలుపెట్టి, పూత తొడిగే వరకు 7 నుంచి 10 రోజులకొకసారి రంగు చూడాలి. తెగులూ పురుగూ లేని పది దుబ్బులను మడి అంతటా అక్కడొకటి ఇక్కడొకటి ఎంచుకోవాలి. గట్టు వార దుబ్బులు లెక్కలోకి రావు, అక్కడ పైరు ఎప్పుడూ బలంగానే ఉంటుంది. ఒక్కో దుబ్బులో పూర్తిగా విచ్చుకున్న ఆకుల్లో అన్నింటికంటే పైదాన్ని పట్టుకుని, తెంపకుండా, దాని నడిమి భాగాన్ని చార్టు మీద ఆనించి ఏ పట్టీతో సరిపోతుందో చూడాలి. రెండు పట్టీల మధ్యలో ఉందనిపిస్తే రెంటి సగటు రాసుకోవాలి, అంటే 3కీ 4కీ మధ్యనైతే 3.5 అని. చూసేటప్పుడు సూర్యుడికి వీపు పెట్టి, చార్టూ ఆకూ రెండూ మన నీడలో ఉండేలా నిలబడాలి. నాటిన అధిక దిగుబడి రకాలకు సాధారణంగా 4, వెదజల్లిన వరికి 3 హద్దుగా తీసుకుంటారు. పదింటిలో ఆరు గాని అంతకంటే ఎక్కువ గాని ఆకులు హద్దు కంటే తక్కువ రంగులో ఉంటే నత్రజని వేయాలి. లేకపోతే వారం ఆగి మళ్లీ చూడాలి.

రాస్తే నాలుగు మాటలే, చేలో మాత్రం మొదటి నెల తడబడ్డాం. మొదటిసారి చూసింది నేనూ మా వదినా. ఉదయం 8 దాటింది, ఆకుల మీద మంచు ఇంకా ఆరలేదు. తడి ఆకు మీద వెలుతురు మెరిసి రంగు తెలియకపోవడంతో ఆకును వేళ్ల మధ్య మెల్లగా తుడిచి చార్టు మీద పెట్టాం. మొదటి ఆకుకు నేను 3.5 అన్నాను, వదిన 4 అంది. రెండో ఆకు దగ్గరా అదే తేడా. పది ఆకులూ అయ్యేసరికి నా లెక్క ప్రకారం ఏడు హద్దుకు దిగువన ఉన్నాయి, ఆమె లెక్క ప్రకారం నాలుగే. ఒకే చేను, ఒకే పొద్దు, నా లెక్కకు యూరియా వేయాలి, ఆమె లెక్కకు అక్కర్లేదు. అవే ఆకులను మధ్యాహ్నం ఎండలో మళ్లీ చూస్తే ఇద్దరికీ పొద్దుటి కంటే లేతగా కనబడ్డాయి. ఎవరి కన్ను సరైనదన్న వాదనలో పడలేదు గాని, ఒక సంగతి స్పష్టమైంది. పంట ముగిసేదాకా ఒకే మనిషి, ఒకే వేళకు, ఒకే విధంగా నిలబడి చూస్తేనే ఈ వారపు అంకెను పోయిన వారపు అంకెతో పోల్చడానికి వీలవుతుంది. వదిన ఒకే ఆకును రెండుసార్లు చూసినా ఒకే అంకె చెబుతోంది, నేను చెప్పలేకపోతున్నాను. అందుకని ఆ పని ఆమెకే వదిలేశాం. ఆమె ప్రతి వారం నోటుపుస్తకంలో పది అంకెలూ రాసి, పక్కన వాన పడిందా, నీరు ఎంత నిలిచింది అన్నది కూడా రాసేది. చార్టు ఎంత ఉపయోగపడిందో ఆ నోటుపుస్తకమూ అంతే ఉపయోగపడింది.

ఎంత వేయాలన్న దానికి రెండు పద్ధతులు ఉన్నాయి. మొదటిది, రంగు హద్దు కంటే తగ్గిన ప్రతిసారీ ఒకే మోతాదు వేయడం. హెక్టారుకు 25 కిలోల నత్రజని చొప్పున అనుకుంటే అది సుమారు 54 కిలోల యూరియా, ఎకరానికి దాదాపు 22 కిలోలు. రెండవది, వేసే దశలను ముందే నిర్ణయించుకుని, అంటే పిలకలు తొడిగేటప్పుడు, చిరుపొట్టకు వచ్చేటప్పుడు, ఆ రోజు చార్టు చూపిన రంగును బట్టి మోతాదును పెంచడమో తగ్గించడమో చేయడం. మొదటిది పైరు అవసరానికి దగ్గరగా ఉంటుంది, కానీ ఎప్పుడు వేయవలసి వస్తుందో ముందుగా తెలియదు. కూలీలను, ఎరువును, నీటిని ఒకే రోజుకు కుదుర్చుకోవలసిన రైతుకు రెండవదే నయం. మేము మొదటి పంటకు మొదటి పద్ధతి, రెండో పంటకు రెండవది పాటించాం. రెంటిలో నేను ఇతరులకు చెప్పేది రెండవదే. అయితే రెండు దశలకూ మధ్యలో రంగు చూడటం మానకూడదు, ఎందుకో కింద చెబుతాను.

పనితనం తెలుసుకోవడానికి ఒకే నేల, ఒకే నీటి వసతి ఉన్న మడిని మధ్యలో గట్టు పోసి రెండుగా చేశాం. రెండు సగాలకూ ఒకే నారు, ఒకే రోజు నాటు, భాస్వరం, పొటాష్ ఒకే మోతాదు. ఒక సగానికి మేము ఎప్పుడూ వేసే తేదీల ప్రకారం మూడు దఫాలు యూరియా వేశాం. రెండో సగానికి నాటేటప్పుడు యూరియా వేయలేదు. మొదటి రెండు వారాల్లో మొక్క వేళ్లూనుకునే పనిలో ఉంటుంది, దానికి కావలసిన నత్రజని కొంచెమే, మా నేల మరీ చవిటిదో ఇసుకదో కాదు. తరువాత చార్టు చెప్పినప్పుడు మాత్రమే వేశాం.

మొదటి పంటలో చార్టు సగానికి రెండు దఫాలతోనే సరిపోయింది. నాటిన నెల రోజులకు పక్క సగం నల్లగా మిసమిసలాడుతుంటే చార్టు సగం ఒక మెట్టు లేతగా ఉంది. ఆ పది రోజులు నాకు నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి కాదు. పక్క పొలం పెదనాన్న గట్టు మీద ఆగి రెండు సగాలనూ చూశాడు.

"ఆకు నల్లగా ఉంటేనే రా చేనుకు బలం. ఈ సగాన్ని ఎందుకు ఎండగడుతున్నావు?"

"ఆకలి ఉంటే రంగే చెబుతుంది పెదనాన్నా. పొద్దున వదిన చూసింది, పదింటిలో మూడే తక్కువున్నాయి. వచ్చే వారం మళ్లీ చూస్తాం."

ఆయన చార్టు తీసుకుని తన చేలోకి దిగి, నాలుగైదు దుబ్బుల దగ్గర ఆకును ఆనించి చూసుకుని, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చి వెళ్లాడు. మరునాడు చల్లవలసిన యూరియాను ఆయన వారం వాయిదా వేశాడని తరువాత తెలిసింది.

గింజ పాలు పోసుకునే రోజుల్లో గాలివాన వచ్చింది. తేదీల ప్రకారం వేసిన సగంలో నడుమ భాగం నేలకు ఒరిగింది, చార్టు సగం నిలిచింది. కోతలో తేడా అక్కడ వచ్చింది. పడిన చోట గింజ సరిగా నిండక తాలు ఎక్కువైంది, కోత కూడా ఇబ్బందైంది. నిలిచిన చోట్ల వరకే తూచి చూస్తే రెండు సగాల ధాన్యమూ ఇంచుమించు ఒక్కటే. కాబట్టి మొదటి పంటలో చార్టు మాకు అదనపు దిగుబడి తెచ్చిందనడం కంటే, ఒక దఫా ఎరువును మిగిల్చి చేతికొచ్చిన పంటను నిలబెట్టిందనడమే న్యాయం.

రెండో పంటలో కథ తిరగబడింది. పిలకల దశలో వేసిన ఎరువు తరువాత వారం రోజులు విడవకుండా వానలు కురిశాయి, మళ్ల మీదుగా నీరు పొర్లింది. వాన వెలిశాక వదిన చూస్తే పదిలో ఎనిమిది ఆకులు హద్దుకు దిగువన ఉన్నాయి, అందులో నాలుగు సరిగ్గా 3 దగ్గర. చిరుపొట్టకు ఇంకా పది రోజులు ఉంది. పాత అలవాటులో ఉంటే ఆ పది రోజులూ ఆగేవాళ్లం, ఎందుకంటే తేదీ రాలేదు. మేము చార్టు సగానికి వెంటనే ఒక దఫా వేశాం. ఆ పంటలో కంకులు రెండు సగాల్లోనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా చేతికి తెలిసింది, తూకంలోనూ చార్టు సగానిదే పైచేయి అయింది. ఒక్క మడిలో చూసినదాన్ని అందరి చేలకూ లెక్కగా చెప్పను. కానీ ఒకే సాధనం ఒక పంటలో ఆగమని, ఇంకో పంటలో తొందరపడమని చెప్పడం, రెండుసార్లూ మాట నిజం కావడం నేను కళ్లారా చూశాను. మధ్యలో రంగు చూడటం మానవద్దని పైన అన్నది ఇందుకే.

ఇక లోపాలు. వీటిని కొనేవారు ముందే తెలుసుకోవాలి.

మేము మొదట కొన్న చార్టు అసలైనది కాదు. అమ్మినవారి పేరు ఇక్కడ అనవసరం, కానీ ఆ వస్తువు సంగతి చెప్పాలి. అది మామూలు కాగితం మీద రంగులు ముద్రించి పైన ప్లాస్టిక్ పొర అంటించినది. గాడులు లేవు, వెలుతురులో నిగనిగలాడింది. నెల తిరగకుండానే తడి అంచుల్లోంచి లోపలికి చేరి, చివరి పట్టీ ఒక పక్కన నీలిగా మారింది. దాన్ని చూసి వేసిన మొదటి దఫా ఎరువు సరైనదో కాదో నాకు ఇప్పటికీ సందేహమే. వెనక్కి ఇవ్వబోతే రంగులు అన్నింటికీ ఒకటేనని సమాధానం వచ్చింది. రంగులు ఒకటే కావు. పట్టీ రంగు సగం మెట్టు అటూ ఇటూ అయితే ఆ చార్టు ఉన్నా లేకపోయినా ఒకటే, ఒక రకంగా లేకపోవడమే మేలు. ఫోను తెర మీద చార్టు బొమ్మ పెట్టుకుని ఆకుతో పోల్చేవారిని కూడా చూశాను. తెర వెలుతురు పెంచినా తగ్గించినా రంగు మారిపోతుంది కాబట్టి ఆ పని అస్సలు చేయకూడదు.

రెండో లోపం, వెంట వచ్చే సూచనల కాగితం. మా రెండో చార్టు అసలైనదే, పట్టీల నాణ్యత బాగుంది. కానీ దాని వెనుక ఉన్న సూచనలు చదవలేనంత చిన్న అక్షరాల్లో ఉన్నాయి. మరీ ముఖ్యంగా, హద్దు అంకె ఒక్కటే ఇచ్చి వదిలేశారు. హద్దు అనేది రకాన్ని బట్టి, నాటే పద్ధతిని బట్టి మారుతుంది. పుట్టుకతోనే ఆకు లేతగా ఉండే రకాలు ఉన్నాయి, సన్నటి సువాసన రకాలకు 3 చాలు. అలాంటి రకానికి 4 హద్దుగా పెట్టుకుంటే పంట పొడుగునా యూరియా వేస్తూనే ఉండవలసి వస్తుంది, అంటే ఏ తప్పును తప్పించుకోవడానికి చార్టు కొన్నామో ఆ తప్పే దాని పేరుతో చేస్తాం. ఈ ఒక్క సమాచారం లేకపోవడం వల్ల ఎందరో చార్టును పక్కన పడేసి ఉంటారని నా అనుమానం. మీ రకానికి హద్దు ఎంతో దగ్గరి వ్యవసాయ పరిశోధన స్థానంలో అడిగి తెలుసుకున్నాకే వాడటం మొదలుపెట్టండి.

మూడోది లోపం అనడం కంటే పరిమితి అనాలి. చార్టుకు తెలిసింది రంగు ఒక్కటే. ఆ రంగు నత్రజని వల్లే మారిందని అది అనుకుంటుంది, మనం అలా అనుకోకూడదు. రెండో పంటలో మడికి ఒక మూల, నీరు ఎప్పుడూ నిలిచి ఉండే చోట, నాటిన మూడు వారాలకు మొక్కలు గిడసబారాయి. పై ఆకులు లేతగా ఉన్నాయి, చార్టు 3 చూపింది, నేను ఆ మూలకు యూరియా వేశాను. వారం గడిచినా రంగు తిరగలేదు. అప్పుడు వంగి దగ్గరగా చూస్తే లేత ఆకుల్లో నడిమి ఈనె మొదటి దగ్గర పాలిపోయి ఉంది, కింది ఆకుల మీద తుప్పు చల్లినట్టు గోధుమ రంగు మచ్చలు ఉన్నాయి. అది జింకు లోపం. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి ఐదు రోజుల తేడాతో రెండుసార్లు పిచికారీ చేశాక మొక్కలు తేరుకున్నాయి. ముందు వేసిన యూరియా వృథా అయింది, ఆలస్యమైన పన్నెండు రోజులు ఎటూ తిరిగి రాలేదు.

ఆ దెబ్బ తరువాత మేము పెట్టుకున్న నియమం, చార్టు తక్కువ చూపిన ప్రతిసారీ కింది ఆకులను కూడా చూడటం. నత్రజని చాలనప్పుడు మొక్క ముదురాకుల్లోంచి దాన్ని లాగి లేతాకులకు పంపుతుంది కాబట్టి పసుపు కింది నుంచి మొదలవుతుంది. గంధకం చాలనప్పుడు లేతాకులే ముందు పాలిపోతాయి, కింది ఆకులు పచ్చగా ఉంటాయి. చార్టు చూసేది పై ఆకునే కాబట్టి గంధకం లోపాన్ని అది నత్రజని లోపంగానే చూపిస్తుంది. భాస్వరం విషయంలో పొరపాటు ఇంకో వైపు జరుగుతుంది. భాస్వరం లేని మొక్క ఎదగకుండా పొట్టిగా ఉండి, ఆకు మామూలు కంటే ముదురుగా కనబడుతుంది. పిలకలు రాని ఆ మొక్కను చూసి కూడా చార్టు అంతా బాగుందనే అంటుంది. అందుకే భూసార పరీక్ష చేయించి, భాస్వరం, పొటాష్, జింకు తగినంత ఉన్నాయని తేల్చుకున్న చేలోనే చార్టు మాట నమ్మదగినది. భూసార పరీక్షకు బదులుగా దీన్ని అమ్మేవారి మాట వినవద్దు.

చార్టు చెప్పిన రోజున ఎరువు వేసే తీరు గురించి కూడా ఒక మాట. నిండా నీరున్న మడిలో యూరియా చల్లితే చార్టు వల్ల కలిగిన మేలులో సగం గాలికే పోతుంది. మేము ముందురోజు నీరు తీసేసి, బురద పదును మీద చల్లి, ఒక రోజు ఆగి మళ్లీ నీరు పెట్టాం. నీటిని కొలవడానికి చేలో గొట్టం పాతుకున్నవారికి ఇది ఇంకా సులువు. 30 సెంటీమీటర్ల పొడవున్న గొట్టానికి చుట్టూ రంధ్రాలు చేసి, సగం పైకి ఉండేలా పాతి, లోపల నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల దిగువకు చేరాక తిరిగి నీరు పెట్టే పద్ధతి అది. పూత సమయంలో మాత్రం ఇలా ఆరబెట్టకుండా నీరు నిలిపి ఉంచాలి. మడి ఆరిన రోజునే యూరియా వేసి నీరు పెడితే ఎరువు నీటితో పాటు వేళ్ల దగ్గరికి దిగుతుంది. గొట్టం గురించి విడిగా రాయవలసినంత ఉంది గనుక ఇక్కడితో ఆపుతున్నాను.

వరి కాక ఇతర ధాన్యపు పంటల్లో దీన్ని వాడవచ్చా అని అడిగేవారు ఉంటారు. మొక్కజొన్నలో, గోధుమలో ఆకు రంగును చూసి నత్రజని వేసే పద్ధతులు ఉన్నాయి, కానీ వాటి హద్దులు వేరు, చూడవలసిన దశలు వేరు. మేము వరిలో తప్ప వాడలేదు. వరి అంకెలను తీసుకెళ్లి మొక్కజొన్నకు అంటగట్టవద్దని మాత్రం గట్టిగా చెప్పగలను.

కొనదలచినవారు పట్టీల మీద గాడులు ఉన్నాయో లేదో వేలితో తడిమి చూడండి. రంగు ప్లాస్టిక్‌లోనే కలిసి ఉండాలి, పైన అంటించిన కాగితం కాకూడదు. వ్యవసాయ విశ్వవిద్యాలయం గాని పరిశోధన స్థానం గాని ఇచ్చేది దొరికితే అదే తీసుకోండి. పని అయిన వెంటనే మట్టి కడిగి, నీడలో ఆరబెట్టి, వెలుతురు తగలని కవరులో పెట్టాలి. ట్రాక్టరు ముందు అద్దం దగ్గర ఎండలో పడి ఉన్న చార్టు రంగు నిలబడదు. మేము ఈసారి రెండు తీసుకున్నాం. ఒకటి వదిన చేతిలో చేలో తిరుగుతుంది. రెండోది బట్టలో చుట్టి పెట్టెలో ఉంది, నాట్లకు ముందు ప్రతి ఏడూ బయటికి తీసి, రెంటినీ ఒకే నీడలో పక్కపక్కన పెట్టి, పట్టీకి పట్టీ సరిచూసుకున్నాకే పనిలోకి దిగుతాం.